కడలి అడుగున గాజు గృహాలు

ఢిల్లీలో వికాస్ మార్గ్ మీదుగా యమున వంతెన దాటి తూర్పు ఒడ్డుకు చేరితే లక్ష్మీ నగర్ వస్తుంది. ఆ వంతెన కింద పారే నీటికి చాలాకాలంగా మంచి పేరు లేదు. నురుగు, నలుపు, దుర్గంధం: దానిని గురించి జనం చెప్పుకునేవి ఇవే. అయితే ఆ నీటిలో కంటికి కనబడని మరొక సరుకు కూడా ప్రయాణం చేస్తున్నది. హిమాలయ శిలలను వాన నీరు కొద్దికొద్దిగా కరిగించగా వచ్చిన సిలికా అది. రంగూ వాసనా లేకుండా అది యమునతో ప్రయాగకు, అక్కడినుండి గంగతో బంగాళాఖాతానికి చేరుతుంది. దక్కను పీఠభూమిలోని నల్లరాతి నేలలను కడుగుతూ వచ్చే గోదావరి కూడా రాజమండ్రి దిగువన అదే సరుకును అదే సముద్రానికి అప్పగిస్తుంది.

యమున వెంబడి ఆగ్రా దాటి కొంత దూరం పోతే ఫిరోజాబాదు. గాజులకు పేరుపడిన ఆ ఊరి బట్టీలలో ఇసుకను సుమారు 1,400 డిగ్రీల వేడిలో కరిగిస్తే గాని గాజు తయారు కాదు. ఇసుక కూడా ప్రధానంగా సిలికాయే. ఈ పనినే నిప్పు లేకుండా, పొగ లేకుండా, ఒళ్ళు కొంకర్లు పోయే చలిలో, సూర్యరశ్మి ఎన్నడూ చొరని చీకటిలో చేసే ప్రాణి ఒకటి సముద్రగర్భంలో ఉన్నది. నదులు మోసుకువచ్చిన సిలికాను అది నీటినుండి అణువణువుగా ఏరుకుని గాజుగా మార్చుకుంటుంది. ఆ గాజుతో తన శరీరాన్ని నిలబెట్టుకుంటుంది. ఆ శరీరమే మరెన్నో జీవులకు ఇల్లు అవుతుంది.

దాని పేరు గాజు స్పంజిక. శాస్త్రజ్ఞులు హెక్సాక్టినెల్లిడా అంటారు. ఆరు కిరణాలు కలది అని ఆ గ్రీకు మాటకు అర్థం. దాని అస్థిపంజరంలోని ప్రతి గాజు కంటకమూ మూలంలో ఆరు కొమ్ములు గలది కావటం వలన ఆ పేరు వచ్చింది. పైకి, కిందికి, నాలుగు దిక్కులకు ఒక్కొక్క కొమ్ము. పిల్లలు ఆడుకునే జాక్స్ ముక్కలను తలచుకుంటే ఆ ఆకారం కళ్ళకు కడుతుంది. కొన్ని జాతులలో ఈ కంటకాలు విడివిడిగా ఉంటాయి. మరికొన్నింటిలో ఒకదానితో ఒకటి అతుక్కుని, స్పంజిక చనిపోయిన తర్వాత కూడా చెదరని పంజరంగా నిలుస్తాయి. ఈ రెండవ తరగతి వల్లనే సముద్రం అడుగున కొండలు లేచాయి. ఆ సంగతి తర్వాత.

స్పంజికకు నోరు లేదు, గుండె లేదు, నరాలు లేవు. గోడలలోని సన్నని రంధ్రాల గుండా నీటిని లోనికి లాగి, అందులోని బాక్టీరియాలను తిని, వడకట్టిన నీటిని పైనున్న పెద్ద ద్వారం గుండా వదలిపెట్టటమే దాని జీవితం. అయితే గాజు స్పంజికలో ఇంకొక విశేషం ఉన్నది. తక్కిన జంతువుల శరీరం వేరువేరు కణాలతో, ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. దీని మెత్తని భాగంలో అత్యధికం కణానికీ కణానికీ మధ్య గోడలు లేని ఒకే జీవపదార్థపు సాలెగూడు. నరాలు లేకపోయినా, ఆ సాలెగూడు గుండా విద్యుత్ సంకేతం ఒళ్ళంతా పాకిపోగలదని కెనడా శాస్త్రజ్ఞులు నిరూపించారు. సంకేతం పాకగానే నీటిని తోడే పని మొత్తం ఆగిపోతుంది. నీటిలో బురద కలిసినప్పుడు స్పంజిక ఇట్లా తన తలుపులన్నీ ఒక్కసారిగా మూసుకుంటుంది. మూసుకున్నంతసేపూ దానికి ఉపవాసమే.

ఈ ప్రాణిని మానవుడు అర్థం చేసుకున్న తీరు కూడా ఒక కథే. 19వ శతాబ్దపు తొలి భాగంలో జపాను నుండి యూరపుకు ఒక వింత వస్తువు వచ్చింది. మూరెడు పొడవున్న గాజు పోగులను తాడులాగా మెలిపెట్టిన కట్ట అది. ఒక చివర స్పంజిక ముద్ద, తాడు చుట్టూ తోలువంటి పొర, ఆ పొర మీద చిన్నచిన్న పువ్వులవంటి ప్రాణులు. జపానువారికి అది బౌద్ధ గురువుల చేతిలోని చామరంలాగా కనిపించింది. మనవాళ్ళు చూసి ఉంటే వింజామర అనే అనేవారు. లండనులోని బ్రిటిష్ మ్యూజియం పండితుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే 1835లో దానికి హయలోనీమా, అంటే గాజు దారం, అని పేరు పెట్టాడు. పేరు బాగానే ఉన్నది గాని, ఆ తాడు పువ్వులవంటి ప్రాణులు నిర్మించుకున్నదనీ, స్పంజిక దానిని ఆశ్రయించి బ్రతికే పరాయి జీవి అనీ ఆయన వాదించాడు. జర్మనీలో ఎరెన్‌బర్గ్ అయితే ఇది అసలు ప్రాణియే కాదు, జపాను పనివారు చేతులతో తయారుచేసిన బొమ్మ అన్నాడు. చివరకు 1860లో మాక్స్ షుల్ట్సె సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క పోగునూ పరీక్షించి నిజం తేల్చాడు. తాడు స్పంజికదే, దానిని బురదలో నాటుకుని అది నిలబడుతుంది. పువ్వులవంటి ప్రాణులే అద్దెకు వచ్చినవి. అంతవరకూ పండితులు అద్దెకున్నవారిని ఇంటి యజమాని అనుకున్నారన్న మాట.

వారి పొరపాటుకు కారణం లేకపోలేదు. సముద్రపు అడుగున అత్యధిక భాగం మెత్తని బురద మైదానం. స్థిరంగా అంటుకుని బ్రతకవలసిన జీవికి అక్కడ కాలూనుకునే గట్టి చోటు దొరకదు. అందువలన బురదలోనుండి పైకి లేచిన ఒక గాజు కాడ, ఎడారిలో ఒంటరి చెట్టు వంటిది. కాలిఫోర్నియా తీరానికి దూరంగా, 4,100 మీటర్ల లోతున ఇటువంటి కాడలను కొన్నింటిని వెలికితీసి, వాటిమీద ఉన్న జీవులను లెక్కపెట్టారు. 2001లో వెలువడిన ఆ లెక్కలో నూటికి పైగా రకాలు తేలాయి. తల భాగం చనిపోయి రాలిపోయిన తర్వాత కూడా కాడలు నిలిచే ఉంటాయి. వాటిమీద కాపురాలూ సాగుతూనే ఉంటాయి.

అద్దెకున్నవారిలో అందరికన్నా పేరుపడినవి యూప్లెక్టెల్లా అనే స్పంజికలోని రొయ్యలు. 1841లో రిచర్డ్ ఓవెన్ వర్ణించిన ఈ ఫిలిప్పీన్స్ స్పంజిక తెల్లని జల్లెడ గొట్టంలాగా, బుట్టల అల్లికలాగా ఉంటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండు రొయ్యలు దాని రంధ్రాలగుండా లోనికి దూరతాయి. లోపల పెరుగుతాయి. పెరిగిన తర్వాత బయటికి రావటానికి రంధ్రాలు చాలవు. ఆడ, మగ జంట జీవితాంతం ఆ గాజు మందిరంలోనే గడుపుతాయి. వాటి పిల్లలు మాత్రం సన్నగా ఉండటంచేత జల్లెడ దాటి పోతాయి. ఎండిన యూప్లెక్టెల్లాను జపానులో పెళ్ళి కానుకగా ఇవ్వటం ఆచారం. కలసి ముసలివారై ఒకే సమాధిలో చేరటం అనే అర్థం వచ్చే మాటతో దానిని పిలుస్తారు. వినటానికి ఇంపుగానే ఉన్నది. రొయ్యల అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు.

ఇదే స్పంజిక అడుగున వెంట్రుకల్లాంటి గాజు పోగులు ఉంటాయి. 2003లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జొవానా ఐజెన్‌బర్గ్, ఆమె సహచరులు వాటిని పరీక్షించి, టెలిఫోను కబుర్లను మోసే గాజు తీగలవలెనే అవి కాంతిని ఒక చివరినుండి మరొక చివరికి చేరవేయగలవని చూపారు. కార్ఖానాలో చేసిన తీగను గట్టిగా వంచితే విరుగుతుంది. స్పంజిక తీగను ముడి వేయవచ్చు. పొరమీద పొరగా పోసిన గాజు, పొరల మధ్య సన్నని జీవపదార్థపు జిగురు: దాని బలమంతా ఆ కూర్పులో ఉన్నది.

ఒంటరి కాడలనుండి ఇక గాజు కొండల సంగతికి రావచ్చు. దక్షిణ జర్మనీలోని ష్వాబియన్ ఆల్బ్ కొండలలో, రుమేనియాలో, స్పెయిన్‌లో జురాసిక్ యుగపు స్పంజికల దిబ్బలు రాతిగా మారి కనిపిస్తాయి. రాక్షస బల్లులు తిరిగిన ఆ కాలంలో, యూరపు ప్రాంతాన్ని ముంచిన ప్రాచీన సముద్రంలో అవి సుమారు 7,000 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉండేవని అంచనా. అటువంటి దిబ్బలు కట్టే అలవాటు సుమారు 4 కోట్ల సంవత్సరాల క్రితమే భూమిమీద అంతరించిందని భూగర్భ శాస్త్రజ్ఞులు నమ్ముతూ వచ్చారు.

1987లో కెనడా భూవిజ్ఞాన శాఖవారు పశ్చిమ తీరాన హెకేట్ జలసంధిలో, ధ్వని తరంగాలతో సముద్రపు అడుగును పటం గీస్తుండగా కొన్ని విచిత్రమైన గుట్టలు తగిలాయి. ధ్వని వాటిమీద పడి ప్రతిధ్వనించలేదు. దూదిలో ఇంకినట్టు ఇంకిపోయింది. కెమెరాలు దింపి చూస్తే అవి బ్రతికి ఉన్న గాజు స్పంజికల దిబ్బలు. 140 మీటర్లనుండి 240 మీటర్ల లోతు మధ్య, విడివిడిగా అన్నీ కలిపి సుమారు 1,000 చదరపు కిలోమీటర్లు. కొన్నిచోట్ల 20 మీటర్ల ఎత్తు. వాటి వయస్సు దాదాపు 9,000 సంవత్సరాలు. 1999లో ఒక చిన్న జలాంతర్గామిలో అక్కడికి దిగిన జర్మన్ శాస్త్రజ్ఞుడు మాన్‌ఫ్రెడ్ క్రౌటర్ అంతవరకూ వాటిని రాళ్ళలోనే చదివినవాడు.

దిబ్బ పెరిగే పద్ధతి ఏ మేస్త్రీకైనా తెలిసినదే. స్పంజిక చనిపోతే దాని పంజరం నిలిచి ఉంటుంది. కొత్త స్పంజిక పిల్ల వచ్చి ఆ పంజరం మీదనే నిలదొక్కుకుంటుంది. ప్రవాహాలు తెచ్చిన ఒండ్రు సందులలో చేరి పునాదిని గట్టిపరుస్తుంది. తాతల ఎముకల మీద మనుమలు, వారిమీద మునిమనుమలు. సందులలో రొయ్యలు, పీతలు, రాక్‌ఫిష్ అనే చేపల పిల్లలు దాగుతాయి. దిబ్బలోని స్పంజికలు తమగుండా పోయే నీటిలోని బాక్టీరియాలో 90 శాతం దాకా వడకడతాయని కొలతలు చెబుతున్నాయి.

అయితే మనుషులు చూసేసరికే కొన్ని దిబ్బలు పిండి అయి ఉన్నాయి. అడుగును రాసుకుంటూ లాగే బరువైన ట్రాలు వలలు వాటిమీదుగా పోయాయి. వల తగిలితే గాజు పంజరం పగిలి ముక్కలవుతుంది. తర్వాత వచ్చే పిల్లకు నిలబడటానికి ఎత్తైన పంజరం ఉండదు, బురదలో కూరుకుపోతుంది. పైగా వల లేపిన బురద మేఘం దూరాన ఉన్న స్పంజికలను కూడా తలుపులు మూసుకునేట్టు చేస్తుంది. 2002లో ఆ ప్రాంతంలో అడుగు ట్రాలింగును నిషేధించారు. 2017లో దిబ్బలకు చట్టపరమైన రక్షిత ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. కనుగొన్న నాటికీ చట్టం వచ్చిన నాటికీ మధ్య 30 సంవత్సరాలు గడిచాయి.

మన సముద్రాల మాట ఏమిటి? ఇక్కడి గాజు స్పంజికల చరిత్ర ఒక ఓడతో మొదలవుతుంది. 1881లో బొంబాయి ఓడల కర్మాగారంలో తయారైన ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ అసలు పని తీరాలను కొలిచి పటాలు తయారుచేయటం. ఆ పనినుండి తీరిక దొరికినప్పుడు, ఓడలోని వైద్యుడు వలనూ గాలాన్నీ లోతులలోకి దింపేవాడు. ఎందుకంటే ప్రకృతి శాస్త్రజ్ఞుడి ఉద్యోగం కూడా ఆయనదే. 1888 నుండి 1892 వరకు ఆ పదవిలో ఉన్న ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ఆ అనుభవాలను 1902లో పుస్తకంగా వెలువరించాడు. బంగాళాఖాతం, అండమాన్ సముద్రం, అరేబియా సముద్రం అడుగునుండి వచ్చిన ప్రాణులు కలకత్తాలోని ఇండియన్ మ్యూజియానికి చేరేవి.

వాటిలోని గాజు స్పంజికలను బెర్లిను పండితుడు ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్ట్స్ పరీక్షకు తీసుకున్నాడు. (హయలోనీమా గుట్టు విప్పిన మాక్స్ షుల్ట్సె వేరు, ఈయన వేరు, పేర్ల పోలికకు పాఠకుడు తడబడనక్కరలేదు.) ఆయన జర్మనులో వ్రాసిన గ్రంథాన్ని ఆర్. ఫాన్ లెండెన్‌ఫెల్డ్ ఇంగ్లీషులోకి అనువదించగా, 1902లో కలకత్తాలో ముద్రించారు. లెండెన్‌ఫెల్డ్ స్వయంగా స్పంజికల శాస్త్రంలో దిట్ట. మరొకరి గ్రంథాన్ని అనువదించటానికి పూనుకున్న పండితుడిని గురించి చరిత్రలు సాధారణంగా ఒక్క పంక్తితో సరిపెడతాయి. కాని ఆయన శ్రమ లేకపోతే భారతదేశపు సముద్రాలలోని గాజు గృహాల వివరాలు భారతదేశంలో చదవదగిన భాషలోకి వచ్చేవి కావు.

షుల్ట్స్ వర్ణించిన అండమాన్ జాతులలో ఒకదాని పేరు ఫెరోనీమా రఫానస్. రఫానస్ అంటే లాటిను శాస్త్రభాషలో ముల్లంగి. మరొకటి సెంపెరెల్లా కుకుమిస్. కుకుమిస్ అంటే దోస. బల్ల మీదికి వచ్చిన వస్తువులను చూసి కూరల బుట్ట గుర్తుకు తెచ్చుకున్న పండితుడిని తప్పు పట్టలేము. వల ఈడ్చుకువచ్చిన బురదముద్దలో విరిగి, తలకిందులై, నీరు ఓడుతూ వచ్చిన ప్రాణిని మాత్రమే ఆయన చూశాడు. అది ఏ భంగిమలో నిలబడి ఉండేదో, దాని చుట్టూ, దాని లోపల ఎవరు ఉండేవారో వల చెప్పదు.

హిందూ మహాసముద్రం మరొక వింతను కూడా అందించింది. 1898-99లో కార్ల్ చున్ నాయకత్వాన జర్మను ఓడ వాల్డీవియా ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర వెలికితీసిన మోనోరాఫిస్ అనే స్పంజిక, ఒకే ఒక గాజు కడ్డీ మీద నిలబడుతుంది. ఆ కడ్డీ వేలెడు మందం, పెరిగితే 3 మీటర్ల పొడవు. మనిషి రెండు చేతులూ పైకెత్తినా దాని చివర అందదు. తూర్పు చైనా సముద్రంలో 1,110 మీటర్ల లోతున దొరికిన ఇటువంటి కడ్డీ ఒకదానిని కోసి, చెట్టు వలయాలవంటి దాని పొరలను 2012లో పరీక్షించారు. దాని వయస్సు సుమారు 11,000 సంవత్సరాలని తేలింది. కొన్ని వేల ఏండ్లు అటూ ఇటూ కావచ్చునని ఆ శాస్త్రజ్ఞులే చెప్పారు. తక్కువ లెక్క వేసినా, హరప్పా నగరాలకు ఇటుక పేర్చే నాటికే ఆ స్పంజిక పెద్ద వయస్సుది. గాజు స్పంజికలన్నీ ఇంత నిదానం కాదు. అంటార్కిటికాలో లార్సెన్ మంచు పలక విరిగిపోయిన చోట 2007కూ 2011కూ మధ్య వాటి సంఖ్య మూడు రెట్లయింది. తరుణం వస్తే తొందరగా పెరిగేవీ ఉన్నాయి. ఏ జాతి ఎటువంటిదో చూస్తే గాని తెలియదు.

చూడటానికి వ్యవధి ఉన్నదా అన్నదే ప్రశ్న. ఇక్కడ ట్రాలు వలకన్నా పెద్ద యంత్రం రంగంలోకి వస్తున్నది. లోతైన సముద్రపు అడుగున బంగాళాదుంపలంత లోహపు ముద్దలు పరచుకుని ఉంటాయి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వాటిలో ఉంటాయి. పది లక్షల సంవత్సరాలకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరిగే ముద్దలవి. బురద మైదానంలో గట్టి నేల అంటే అవే. పసిఫిక్ మహాసముద్రంలో పెరూకు ఎదుట, 4,000 మీటర్లకు పైగా లోతున, ముద్దల మీద మొలిచిన స్పంజికలు చనిపోగా మిగిలిన కాడలకు ఒక ఆక్టోపస్ గుడ్లు అంటించి, చేతులు చుట్టి కాపలా కాస్తూ ఉండటం జర్మను పరిశోధకులు గమనించి, 2016లో ప్రకటించారు. ముద్ద లేకపోతే స్పంజిక లేదు. స్పంజిక కాడ లేకపోతే ఆక్టోపస్‌కు పురిటిగది లేదు. ఆ ప్రాంతంలోనే 1989లో ప్రయోగంగా అడుగును దున్నిన చాళ్ళు 2015లో తిరిగి వెళ్ళి చూసినా చెరగలేదు.

మధ్య హిందూ మహాసముద్రంలో ఇటువంటి ముద్దల కోసం 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించే హక్కు భారతదేశానికి ఉన్నది. 1987లో మొదలైన ఆ హక్కు 2002లో అంతర్జాతీయ సంస్థతో ఒప్పందంగా స్థిరపడింది. 1997లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ అక్కడ 3 కిలోమీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు గల ఒక పట్టీని ప్రయోగంగా కలియబెట్టి, ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి ఏ జీవులు తిరిగి వచ్చాయో, ఏవి రాలేదో పరీక్షించింది. తవ్వకముందే ఇటువంటి పరీక్ష చేసిన దేశాలు ఎక్కువ లేవని గుర్తించవలసి ఉన్నది. 2021లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన వరాహ అనే యంత్రం అక్కడ 5,270 మీటర్ల లోతున నేలమీద నడిచింది. సముద్రంనుండి భూమిని ఎత్తిన అవతారం పేరు పెట్టటంలో ఎవరిదో చమత్కారం ఉన్నది. 2024లో అండమాన్ సముద్రంలో 1,173 మీటర్ల లోతున జరిపిన పరీక్షలో వంద కిలోలకు పైగా ముద్దలను పైకి తెచ్చారు.

అండమాన్ సముద్రం అనగానే షుల్ట్స్ ముల్లంగి, దోస గుర్తుకు రాక మానవు. బ్యాటరీలకు కోబాల్టు కావాలి; అది దేశంలో దొరకదు; దిగుమతి చేసుకోవాలి. ఈ వాదనను కొట్టిపారవేయటం ఢిల్లీలో కూర్చుని సులభం కాదు. నగరపు గాలిని శుభ్రం చేయాలంటే బ్యాటరీ బండ్లు కావాలి, వాటిలో కొన్ని రకాల బ్యాటరీలకు ఈ లోహాలు కావాలి. లక్ష్మీ నగర్ సందులలో తిరిగే ఈ-రిక్షాలు ఆ మార్పుకు మొదటి గుర్తులు. అయితే ముద్దలను ఏరే యంత్రం లేపే బురద మేఘం ఎంత దూరం పోతుంది, ఆ దూరంలో నీటిని వడకట్టి బ్రతికే ప్రాణులు ఎన్ని రోజులు తలుపులు మూసుకుని ఉండగలవు అన్నది లోహం ధరతో తేలే లెక్క కాదు. తవ్వే చోటికి పక్కన, అటువంటిదే మరొక చోటును ముట్టకుండా విడిచిపెట్టి పోల్చి చూడాలని అంతర్జాతీయ నియమాలు అడుగుతున్నాయి. రెండు చోట్లూ ఒకటేనని చెప్పాలంటే రెండింటిలోనూ ఎవరు ఉన్నారో ముందు తెలియాలి.

ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకుపోవటానికి చెన్నై సంస్థ మత్స్య 6000 అనే గోళాన్ని తయారుచేస్తున్నది. 2025 ఆరంభంలో కాట్టుపల్లి రేవు నీటిలో దానికి మొదటి పరీక్షలు జరిగాయి. దానికి కిటికీలు ఉన్నాయి. అండమాన్ దగ్గర అది ఒక్కసారి దిగి దీపాలు వెలిగిస్తే, షుల్ట్స్ బల్లమీద విరిగి పడి ఉన్న ముల్లంగి బురదలో నిటారుగా నిలబడి ఎట్లా ఉంటుందో, దాని గాజు గోడల లోపల ఎవరు కాపురం ఉన్నారో చూడవచ్చు.